‘దరిద్రా విధవా ప్రగల్భా…’ చివర అభిగచ్ఛేతా, అధిగచ్ఛేతా?

తాళపత్రం:
అమెరికా గూఢచారుల టీవీ సిరీస్ హోమ్‌ల్యాండ్ మళ్లీ మొదటి నుంచి పెట్టుకున్నాను. మొదటి సీజన్‌లో సీఐఏ ఉద్యోగిని క్యారీ మాథిసన్ పైవాళ్లకు చెప్పకుండా, తను అనుమానించిన సైనికుడు బ్రోడీ ఇంట్లో కెమెరాలు పెట్టించి, హెడ్‌ఫోన్స్ తగిలించుకుని, సోఫాలో కూర్చుని వాళ్ల సంసారం చూస్తుంటుంది కదా. అక్కడ కౌటిల్యుడి అర్థశాస్త్రంలో పరివ్రాజిక (వేగు పని చేసే సన్యాసిని) గురించి చెప్పిన వాక్యం పట్టుకుంది, వదలడం లేదు. ‘వృత్తికామా దరిద్రా విధవా ప్రగల్భా బ్రాహ్మణీ, అంతఃపురే కృతసత్కారా, మహామాత్రకులాని…’ ఆ తర్వాత నోటికి ‘అధిగచ్ఛేత్’ వస్తోంది, చెవిలో ‘అభిగచ్ఛేత్’ మోగుతోంది. ధి యా, భి యా? ఒక్క అక్షరమే కదా అనకండి. ‘భి’ అయితే మంత్రుల ఇళ్లకు వెళ్లి వస్తుండాలని. ‘ధి’ అయితే లోపలి సంగతి చేజిక్కించుకోవాలని కూడా లాగొచ్చు. ఎవరి దగ్గరైనా మంచి పాఠం ఉందా?

గోదారి మాస్టారు:
నాకు కంఠస్థంగా ఉన్నది ‘ధి’. నాగరిలో ధ, భ పక్కపక్కన పెడితే కళ్లజోడు తుడుచుకోవాల్సిందే, అక్కడ ఎవరో జారి ఉంటారు. అయితే అర్థశాస్త్రాన్ని వెలికితీసిన శామశాస్త్రిగారి చేతికి వచ్చిన తాళపత్ర ప్రతి గ్రంథలిపిలోది. ఆయన దాన్ని అచ్చు వేయించింది 1909లో. జారడమంటూ జరిగితే ఆ తర్వాతే జరగాలి. సరే, అది అలా ఉంచండి. ‘ప్రగల్భా’ దగ్గర ఆగకుండా ఎలా దాటేశారండీ? గట్టి గింజ అక్కడుంటే!

ఓరుగల్లు అక్క:
ప్రగల్భాలు పలికేదాన్ని వేగుకు పంపితే ఇంకేముంది మాస్టారూ, పొద్దుగూకే లోపు ఊరంతా టాంటాం.

అమరం అప్పజెప్పేవాడు:
అక్కా, అది తెలుగు ప్రగల్భం. సంస్కృత నిఘంటువు అమరకోశంలో ‘ప్రగల్భః ప్రతిభాన్వితే’ అని ఉంది. సమయానికి బుర్ర పనిచేసే మనిషి అని. వెంటనే ‘స్యాదధృష్టే తు శాలీనః’. అంటే శాలీనుడు బిడియస్తుడన్న మాట. ఇప్పుడు మనం సన్మాన పత్రాల్లో ‘శాలీనత’ అని దండ వేసినట్టు వేస్తున్నాం. ‘సాహసం’ సంగతీ అంతే. ధర్మశాస్త్రాల్లో అది శిక్ష పడే నేరం, మనకేమో అవార్డు ఇచ్చే గుణం. కాబట్టి కౌటిల్యుడి ప్రగల్భ అంటే ప్రతిభ గల స్త్రీ. చర్చ అయిపోయింది.

గోదారి మాస్టారు:
అప్పుడే ఎలా అయిపోతుందండీ? సంస్కృత ధాతువుల పట్టిక, ధాతుపాఠం తీయండి. ‘గల్భ ధార్ష్ట్యే’. తెగువ. ఇంకా చెప్పాలంటే తెగింపు. అమరం అర్థం సభలో పనికొస్తుంది, గూఢపురుషుల ప్రకరణంలో కాదు. అంతఃపురంలో మర్యాదలు అందుకుని, అక్కడి నుంచి మంత్రుల గడప తొక్కే సన్యాసినికి కావలసింది ఎదురుగా నిలబడి కళ్లు దించని గుణం. క్యారీ కెమెరాలు పెట్టించింది ప్రతిభతోనా, తెగింపుతోనా? మీరే చెప్పండి.

అమరం అప్పజెప్పేవాడు:
కెమెరాలు తెగింపే, ఒప్పుకుంటాను. మరి ఆ రంగుల కాగితాలు? ఆస్పత్రి మంచం మీద ఉన్మాదం ముంచుకొస్తుంటే ఆకుపచ్చ పెన్ను కావాలని గోల చేస్తుందే, అది చూసినవాళ్లందరూ మాట తూలుతోందనుకుంటారు. తర్వాత ఆమె గురువు సాల్ ఆ కాగితాలు తీసుకుని రంగు ప్రకారం గోడకు అంటిస్తూ పోతే, వాళ్లు వెతుకుతున్న ఉగ్రవాది అబూ నజీర్ జీవితం కాలక్రమంలో పరుచుకుంటుంది. పసుపు వచ్చిన చోటల్లా అతను చడీచప్పుడు లేకుండా ఉన్న కాలం. ఆ ఖాళీని ఖాళీగా గుర్తుపట్టడం ఏ ధార్ష్ట్యంతో వస్తుంది? ‘ప్రతిభాన్వితే’, అంతే.

న్యూజెర్సీ చిన్నమ్మి:
ఇద్దరూ ‘ప్రగల్భా’నే లాగుతున్నారు, ముందున్న ‘విధవా’ని వదిలేశారు. ఆమెను అడిగే మొగుడు లేడు, కనిపెట్టుకుని ఉండాల్సిన ఇల్లు లేదు, కూటికి లేదు. కౌటిల్యుడు ఏరుకున్నది ఆ లేమిని. నాకైతే అక్కడ ఒళ్లు మండుతుంది. క్యారీకి పెళ్లే కాలేదు, జీతం వస్తుంది, అయినా కథ ఆమెను అక్కడికే తోసింది. బైపోలార్ అని ఆఫీసుకు తెలిస్తే ఉద్యోగం ఊడుతుంది కాబట్టి అక్క ఇచ్చే మాత్రలు చాటుగా మింగుతుంది. చివరికి కన్నకూతుర్ని కూడా ఆ అక్కకే అప్పగిస్తుంది. ఎనిమిది సీజన్లు ఆమె చేతిలోంచి ఒక్కొక్కటే ఊడబెరికాయి. క్లెయిర్ డేన్స్ గడ్డం వణికిన ప్రతిసారీ నాకు ‘వృత్తికామా’ అన్న మాట వినిపిస్తుంది. ఆమెకు మిగిలింది వృత్తి ఒక్కటే. బతుకుతెరువు అన్న అర్థం తెలిసే అంటున్నాను మాస్టారూ, దిద్దకండి.

గోదారి మాస్టారు:
దిద్దనమ్మా. మాలతీమాధవం నాటకంలో భవభూతి కామందకిని ఒక్కసారి తలుచుకోమంటాను, అంతే. ఆవిడా పరివ్రాజికే, నడిపినదంతా గూఢతంత్రమే. రాజనీతి గ్రంథం నీతిసారం రాసిన కామందకుడి పేరు ఆవిడకు ఊరికే పెట్టి ఉండడని నా నమ్మకం.

సీమపెద్దోడు:
పరివ్రాజిక తర్వాతి సూత్రం ఎవరూ ఎత్తరేం? ‘ఏతయా ముండా వృషల్యో వ్యాఖ్యాతాః’. తల గొరిగించుకున్న ఇతర భిక్షుణులకూ ఇదే పద్ధతి అని. మన ఊళ్లలో ఆ మొదటి మాటకు పట్టిన గతి చూస్తే…

అడ్మిన్:
పెద్దోడుగారి పోస్టును మన ఫిల్టర్ పట్టేసుకుంది, చేత్తో విడిపించాను. సంస్కృతమని దానికి తెలియదు పాపం. ఈ మాట మీద విడిగా చర్చ వద్దు, పోయినసారి జరిగిన రభస చాలు.

సీమపెద్దోడు:
సరే స్వామీ. వేగు అంటే ఆముక్తమాల్యద చూడాల. చారుడికి పలు భాషలు రావాలన్నాడు రాయలు. అడిగినదానికంటే ఎక్కువియ్యమని కూడా అన్నాడు, అది మీ హోమ్‌ల్యాండ్ సర్కారుకు తెలిసినట్టు లేదు. భాష విషయంలో మాత్రం క్యారీ పాసయింది, అరబ్బీ వచ్చు.

ఓరుగల్లు అక్క:
ఆమెకు వచ్చు, తీసినవాళ్లకు రాలేదు! 2015 సంగతి గుర్తుందా? ఐదో సీజన్ రెండో ఎపిసోడ్‌లో శరణార్థుల శిబిరం సెట్. గోడల మీద అరబ్బీ రాతలు ఉంటే నిజంలా ఉంటుందని కళాకారులను పిలిపించారు. వాళ్లు ‘హోమ్‌ల్యాండ్ జాత్యహంకారి’ అని శుభ్రంగా రాసి పోయారు. చదివినవాళ్లు లేక అట్లనే టీవీలో వచ్చింది. ఇంకో గోడ మీద ‘హోమ్‌ల్యాండ్ పుచ్చకాయ’. వాళ్ల వాడుకలో పుచ్చకాయ అంటే పట్టించుకోనక్కర్లేని సరుకట.

తాళపత్రం:
మనకు గాడిద గుడ్డు. నా ధి, భి మాత్రం ఎవరికీ పట్టలేదు.

అమరం అప్పజెప్పేవాడు:
గాడిద గుడ్డు కాదు, ‘తొక్క’ దగ్గరగా ఉంటుంది. ‘చదువూ లేదు, తొక్కా లేదు’ అంటాం చూడండి. పుచ్చకాయకు తొక్కే ఎక్కువ.

గోదారి మాస్టారు:
అరబ్బీ అనగానే మీకెవరికీ శ్రీనాథుడు తట్టకపోవడం నాకు బెంగగా ఉంది. ‘అరబీభాష తురుష్కభాష’ అని ఎత్తుకుని, భీమేశ్వర పురాణం అంకితం పుచ్చుకున్న అన్నయ మంత్రికి వచ్చిన భాషలన్నీ వరస పెట్టాడే! గజకర్ణాటాంధ్ర, గాంధార, ఘూర్జర… పద్యమంతా గుర్రపు డెక్కల చప్పుడు. బర్బర భాష దాకా పోయాడు మహానుభావుడు. రాయలు చారుడికి పెట్టిన పరీక్ష అంతకుముందే మంత్రి పాసైపోయాడు.

అమరం అప్పజెప్పేవాడు:
శ్రీనాథుడి దగ్గరికి వచ్చారు కాబట్టి నా పని తేలికైంది. నాటక లక్షణాలు చెప్పే దశరూపకంలో నాయికలు ముగ్ధ, మధ్య, ప్రగల్భ. మనవాళ్లు ఆ మూడో ఆవిడను ప్రౌఢ అన్నారు. అదే భీమేశ్వర పురాణంలో తన కవిత్వం గురించి ‘ప్రౌఢిఁ బరికింప సంస్కృతభాష యండ్రు’ అని శ్రీనాథుడు చెప్పుకున్నది ఏ ప్రౌఢి? పలుకుబడిలోని నేర్పు. తెగింపు కాదు.

సీమపెద్దోడు:
ఆ పద్యంలో ప్రౌఢి అంటే విజయనగర రాజు ప్రౌఢదేవరాయల మీద శ్లేష. కిందనే ‘నా కవిత్వంబు నిజము కర్ణాటభాష’ అని లేదా? కర్ణాట సామ్రాజ్యం, ఆ కొలువులో శ్రీనాథుడు పగలగొట్టించిన కంచు ఢక్క, అంతా ఒక లెక్క.

గోదారి మాస్టారు:
కంచు ఢక్క భీమేశ్వర పురాణంలోకి ఎలా దూరిందండీ? అక్కడ రాజమహేంద్రవరం రెడ్లు ఉన్నారు.

ఓరుగల్లు అక్క:
కర్ణాటం అంటే కర్ణములలో అటించేది, చెవులకు ఇంపుగా తిరిగేది. మా నాన్న అట్లనే చెప్పేవారు.

సీమపెద్దోడు:
అది పండితులు తప్పించుకోవడానికి తవ్వుకున్న సందు అక్కా. కన్నడం అని ఒప్పుకుంటే ఏం పోతుంది?

న్యూజెర్సీ చిన్నమ్మి:
ఆఖరి సీజన్ చూడనివాళ్లు ఇది దాటేయండి. మాస్కోలో కూర్చుని క్యారీ, పుస్తకం వెన్నులో చీటీ దాచి సాల్‌కి పంపుతుంది. మాస్టారి లెక్కన ఇది ధార్ష్ట్యమా, అమరంగారి లెక్కన ప్రతిభా?

గోదారి మాస్టారు:
అటు తర్వాత వస్తానమ్మా. ముందు ఈ కర్ణాటం తేలాలి. పెద్దోడుగారూ, ‘పలుకు నుడికారమున నాంధ్రభాష’ అన్నాక మూడోది కన్నడమైతే పద్యంలో ‘నిజము’ అన్న మాటకు పనేమిటో చెప్పండి.