సమస్యాపూరణం: తోక పట్టుకొన్న దొంగ దొరికె

నిర్వాహకుడు:
మిత్రులకు నమస్కారం. ఈ వారం సమస్య, ఆటవెలది నాలుగో పాదం:

తోక పట్టుకొన్న దొంగ దొరికె

దొంగకి తోకేమిటి అంటారా? అక్కడే ఉంది సమస్య. లినక్స్ కమాండ్ లైన్ మీద రోజూ చేసుకునే పనితోనే పూరించాలి. ఫైలు చివరి పది వరుసలు చూపే టెయిల్ కమాండ్ మనందరికీ తెలిసిందే. దాన్నే తీసుకున్నా సరే, ఇంకో అర్థం లాగినా సరే. అరసున్నల గురించి పట్టుబట్టను, వ్యావహారికం రాయొచ్చు. గణాలు, యతి మాత్రం వదలను. పద్యంలో చెప్పిన కమాండ్ నిజంగా ఆ పని చేయాలి. లేకపోతే ఛందస్సు కుదిరినా పూరణ కుదిరినట్టు కాదు.

రాత్రిపాళీ:
గురువుగారూ, నా పూరణ.

తలుపు తట్టి తట్టి తన పేరు రూటంచు
మాట మార్చి మార్చి మరల వచ్చె
చిట్టచివర వరుస చిరునామ చూపగా
తోక పట్టుకొన్న దొంగ దొరికె

సందర్భం: ఉబుంటు సర్వర్‌లో లాగిన్ ప్రయత్నాలు నమోదయ్యే ఆత్ డాట్ లాగ్ ఫైలు మీద టెయిల్‌ని చిన్న ఎఫ్‌తో (కొత్త వరుస పడగానే చూపే ఆప్షన్) నడిపి కూర్చుంటే, రూట్ (సర్వాధికారాలున్న ఖాతా) పేరుతో తప్పు పాస్‌వర్డ్ కొట్టిన ప్రతిసారీ ఒక వరుస పడుతుంది. ఆ వరుసలోనే ఎక్కడి నుంచి వచ్చాడో ఐపీ అడ్రస్ ఉంటుంది.

నిర్వాహకుడు:
రాత్రిపాళీ గారూ, మొదటి పాదం చదవగానే నచ్చింది. ‘తన పేరు రూటంచు’లో దబాయింపు కళ్ళకు కట్టింది. రెండో పాదంలో పాస్‌వర్డ్‌ని ‘మాట’ అనడం కూడా బాగుంది. గణాలు, యతులు అన్నీ సరిపోయాయి.

అభ్యంతరం అర్థంలో ఉంది. దొరికింది చిరునామా, దొంగ కాదు. ఆ ఐపీ వెనక ఉన్నది చాలాసార్లు ఎవరో అమాయకుడి యంత్రమే, అతనికి తెలియకుండా వాడుకుంటూ ఉంటారు. పద్యంలో ఆ మాత్రం అతిశయోక్తి చెల్లుతుంది. సర్వర్ దగ్గర మాత్రం రూట్ లాగిన్ ఆపేసి, పాస్‌వర్డ్ బదులు కీ పెట్టుకోవాలి.

కొండగాలి:
ఒక చిన్న చేర్పు. డెబియన్ లినక్స్ 12 నుంచి, లాగ్ ఫైళ్ళు రాసే ఆర్‌సిస్‌లాగ్ దానంతట అది ఇన్‌స్టాల్ కాదు, కాబట్టి అక్కడ ఆత్ డాట్ లాగ్ కనిపించకపోవచ్చు. సిస్టమ్ లాగ్‌ని చూపే జర్నల్‌సీటీఎల్‌కి చిన్న ఎఫ్ ఇస్తే అదే తోక దొరుకుతుంది. రెడ్ హ్యాట్ లినక్స్ వైపు ఆ ఫైలు పేరు సెక్యూర్.

ఇక నా పూరణ:

చోటు లేదటంచు సొద పెట్టె సర్వరు
కొలిచి పేర్చి పంప గొట్టమందు
చిన్నవన్ని ముందు చివరకు పెద్దవి
తోక పట్టుకొన్న దొంగ దొరికె

డ్యూ ఫైళ్ళు తినే చోటు కొలుస్తుంది, సార్ట్ పేరుస్తుంది, టెయిల్ చివరివి చూపిస్తుంది. మధ్యలో ఒకదాని ఫలితాన్ని ఇంకోదానికి అందించే పైపులు.

నిర్వాహకుడు:
మూడో పాదం సామెతలా వచ్చింది! మొదటి పాదంలో చో, సొ యతి మైత్రి సరైనదే. ‘గొట్టం’ అన్నది పైపుకి ఎంత సరిగ్గా సరిపోయిందంటే, బెల్ ల్యాబ్స్‌లో డగ్ మెక్‌ఇల్‌రాయ్ 1964లోనే ప్రోగ్రాములను తోటకి నీళ్ళు పట్టే గొట్టాల్లా ఒకదానికొకటి బిగించే వీలుండాలని రాసి పెట్టాడు. అది లినక్స్‌కి నమూనా అయిన యూనిక్స్‌లోకి వచ్చింది 1973లో, కెన్ థాంప్సన్ చేతుల మీదుగా.

చదివేవాళ్ళకి ఒక హెచ్చరిక. డ్యూకి చిన్న హెచ్ ఇస్తే సార్ట్‌కి కూడా చిన్న హెచ్చే ఇవ్వాలి. అలవాటుగా చిన్న ఎన్ కొడితే అది అంకె ఒక్కటే చూస్తుంది, వెనకున్న జి (గిగా), కె (కిలో) చూడదు. 2జి ముందుకొచ్చి 900కె తోక దగ్గర చేరుతుంది. అప్పుడు తోక పట్టుకుంటే దొరికేది దొంగ కాదు.

మౌనలేఖ:
నమస్తే అండీ. టెయిల్‌లో చిన్న ఎఫ్ సంగతి రాత్రిపాళీ గారు చెప్పారు, నేను పెద్ద ఎఫ్ తీసుకున్నాను.

పేరు మారిపోవ పెద్దెఫ్పు వీడక
కొత్త ఫైలు వెంట కూడ నడిచె
అర్ధరాత్రి దాటినంతనే వచ్చిన
తోక పట్టుకొన్న దొంగ దొరికె

నిర్వాహకుడు:
మౌనలేఖ గారూ, పెద్ద, ఎఫ్ కలిసి ‘పెద్దెఫ్పు’ కావడం ముచ్చటగా ఉంది. విషయం కూడా చాలామంది పట్టించుకోనిది. లాగ్ ఫైళ్ళు పెరిగిపోకుండా చూసే లాగ్‌రొటేట్ పాత ఫైలు పేరు మార్చి కొత్తది తెరుస్తుంది. చిన్న ఎఫ్‌తో నడిచే టెయిల్ పాత ఫైలునే పట్టుకుని ఉండిపోతుంది, తెర మీద ఒక్క వరుసా కదలదు. సర్వర్ ప్రశాంతంగా ఉందనుకుని మనం నిద్రపోతాం. పెద్ద ఎఫ్ పేరును అనుసరిస్తుంది కాబట్టి కొత్త ఫైలుకి మారుతుంది.

మూడో పాదంలో అన్వయం తడబడింది. ‘వచ్చిన’ దొంగకి విశేషణం కావాలి, కానీ పక్కనే తోక ఉండటంతో ‘వచ్చిన తోక’ అని చదువుతాం. ‘వచ్చెను’ అంటే గణం చెడదు, వాక్యం అక్కడ ఆగుతుంది.

మౌనలేఖ:
‘అర్ధరాత్రి దాటినంతనే వచ్చెను’. సవరించాను, ధన్యవాదాలండీ.

కొత్తచిగురు:
ఆటవెలది రాయడం ఇదే మొదలు. పెద్దలు దిద్దాలి.

వేలకొలది లైన్లు ఒకదాని వెనుకగా
గ్రెప్పు కోరినట్టి గీత చూపె
బఫరు లేకయుండ బయటికి తీయగా
తోక పట్టుకొన్న దొంగ దొరికె

నిర్వాహకుడు:
రండి, రండి. తొలి ప్రయత్నంలోనే మూడు పాదాలు నిలబడ్డాయి. రెండో పాదంలో గ్రె, గీ యతి చక్కగా కుదిరింది.

మొదటి పాదం చూద్దాం. వే కి ఒ కి యతి చెల్లదు. ‘లైన్లు ఒకదాని’ దగ్గర సంధి జరిగి ‘లైన్లొకదాని’ అవుతుంది, దాంతో గణాలూ చెదురుతాయి. ‘వేలకొలది లైన్లు వెనువెంట వచ్చినన్’ అని చూడండి.

కొండగాలి:
తమ్ముడూ, మూడో పాదం మీద నాదొక మాట. టెయిల్ నుంచి, కోరిన మాట ఉన్న వరుసలే ఏరే గ్రెప్‌కి, గ్రెప్ నుంచి ఇంకో కమాండ్‌కి పైపు వేస్తే వరుసలు వెంటనే రావు. అవుట్‌పుట్ తెర మీదికి కాకుండా పైపులోకి వెళ్తుంటే గ్రెప్ బఫర్‌లో కొంత పోగయ్యాకే వదులుతుంది. అందుకే లైన్ బఫర్డ్ అనే ఆప్షన్ ఇస్తాం. ఇచ్చినా బఫర్ లేకుండా పోదు, వరుస పూర్తి కాగానే పంపుతుంది. కాబట్టి ‘బఫరు నిండకుండ’ అంటే నిజానికి దగ్గరవుతుంది.

నిర్వాహకుడు:
బఫరు, నిండ, కుండ: న గణం, రెండు గలాలు. గణాలు అలాగే ఉన్నాయి, అర్థం గట్టిపడింది. ఇలాంటి సవరణ కోసమే నేను ఈ శీర్షిక నడుపుతున్నాను.

తెరచాప:
అందరూ తోకను మనమే పట్టుకున్నట్టు రాశారు. నేను తోకను దొంగ చేతికిచ్చాను.

తుడిచినట్టి ఫైలు తొలగియు తొలగక
చోటు విడువకుండ చొప్పు దాచె
తెరచియున్న ఫైళ్ళ తీగను లాగగా
తోక పట్టుకొన్న దొంగ దొరికె

డిస్క్ నిండిపోయిందని పెద్ద లాగ్ ఫైలు ఆర్‌ఎమ్ కమాండ్‌తో తీసేశారు. డిస్క్ ఎంత నిండిందో చెప్పే డీఎఫ్ ఇంకా నూరు శాతమే అంటుంది. డ్యూ వెదికితే ఆ ఫైలే లేదు. తెరిచి ఉన్న ఫైళ్ళ జాబితా ఇచ్చే ఎల్‌ఎస్‌ఓఎఫ్‌కి ప్లస్ ఎల్ 1 ఇస్తే, పేరు పోయినా ఎవరో తెరిచి ఉంచిన ఫైళ్ళు బయటపడతాయి. చూస్తే, ఎవరో టీమక్స్ (మనం వెళ్ళిపోయినా నడుస్తూనే ఉండే టెర్మినల్) కిటికీలో వదిలేసి మరిచిపోయిన టెయిల్ ఆ ఫైలుని పట్టుకుని కూర్చుంది.

నిర్వాహకుడు:
తెరచాప గారూ, ఈ వారం ఉత్తమ పూరణ ఇదే. ‘పట్టుకొన్న’ని ‘పట్టుకుంటే’ అని అందరూ చదివితే, మీరు దొంగకి విశేషణం చేశారు. సమస్యలో ఒక్క అక్షరం మారలేదు, అర్థం తిరగబడింది. ‘తొలగియు తొలగక’ అన్న రెండు మాటల్లో యూనిక్స్ ఫైలు తొలగింపు మొత్తం ఉంది: ఆర్‌ఎమ్ తీసేది పేరునే. ఆ ఫైలుని తెరిచిన చివరి ప్రాసెస్ (నడుస్తున్న ప్రోగ్రాము) మూసేదాకా చోటు ఖాళీ కాదు.

రాత్రిపాళీ:
అద్భుతం, తెరచాప గారూ. ఒక సందేహం. టెయిల్ అయితే చంపేస్తాం. పట్టుకున్నది ఆపడానికి వీల్లేని సర్వీస్ అయితే?

తెరచాప:
నిజానికి ఎక్కువసార్లు దొంగ ఆ సర్వీసేనండి. ప్రాక్ డైరెక్టరీ కింద ఆ ప్రాసెస్ నంబరు, అందులో ఎఫ్‌డీ (అది తెరిచిన ఫైళ్ళు కనిపించే చోటు), అందులో ఎల్‌ఎస్‌ఓఎఫ్ చూపిన అంకె. ఆ దారిలో ఫైలుని ఖాళీ చేస్తే సర్వీస్ ఆపకుండానే చోటు వస్తుంది. అసలు మొదట్లోనే ఆర్‌ఎమ్ బదులు, ఫైలుని ఉంచి లోపలిది ఖాళీ చేసే ట్రంకేట్ వాడితే ఇంత వెతుకులాట ఉండదు.

నిర్వాహకుడు:
వచ్చే వారం సమస్య. ఇదీ ఆటవెలది నాలుగో పాదమే. ఫైలులో ఉన్నది చూపే క్యాట్ నుంచి గ్రెప్‌కి అనవసరంగా పైపు వేసేవాళ్ళు ముందుగా ప్రయత్నించాలి:

పిల్లి వెళ్ళిపోవ పెరిగె జోరు