క్షమించమని బాధితుల్ని అడగొచ్చా? రువాండా గచాచా కోర్టులపై చర్చ

నాగావళి:
ఆఫ్రికా దేశం రువాండాలో 1994 ఏప్రిల్ మొదలు సుమారు వంద రోజుల్లో 8 లక్షల మందిని చంపేశారు. అక్కడి ప్రభుత్వం 10 లక్షల పైమాటే అంటుంది. పోయినవాళ్లలో అత్యధికులు మైనారిటీ తెగ టుట్సీలు, చంపినవాళ్లు ప్రధానంగా మెజారిటీ తెగ హుటూలలోని అతివాదులు. చంపినవాళ్లలో పక్కింటివాళ్లు, చర్చిలో పక్కన కూర్చున్నవాళ్లు, వియ్యమందినవాళ్లు కూడా ఉన్నారు. తర్వాత లక్షమందికి పైగా నిందితులతో జైళ్లు కిక్కిరిసిపోయాయి. మామూలు కోర్టుల్లో విచారిస్తే వందేళ్లు దాటుతుందని అంచనా వేశారు. అప్పుడు పెట్టినవే గచాచా కోర్టులు. జడ్జీలను ఊరివాళ్లే ఎన్నుకునేవారు. లాయర్లు ఉండేవారు కాదు. వారానికోసారి చెట్టు కిందో, గడ్డి మైదానంలోనో ఊరంతా కూర్చునేది. నేరం ఒప్పుకుని, తోడున్నవాళ్ల పేర్లూ శవాన్ని ఎక్కడ పడేసిందీ చెప్పి, క్షమాపణ అడిగితే శిక్ష బాగా తగ్గేది. అందులోనూ కొంత భాగం జైల్లో కాకుండా రోడ్లు, ఇళ్లు కట్టే పనిగా మారేది. 2012లో మూసేసే నాటికి సుమారు 12 వేల కోర్టులు 19 లక్షలకు పైగా కేసులు తేల్చాయి.

ఇంతకంటే మంచి దారి ఆ దేశానికి లేదని నా వాదన. చంపినవాడూ, చావు తప్పించుకున్నవాళ్లూ ఒకే కొండ మీద బతకాలి, ఒకే సంతకు పోవాలి. 2020లో అక్కడి జాతీయ ఐక్యతా కమిషన్ చేసిన సర్వేలో సయోధ్య 94.7 శాతం ఉందని తేలింది.

మిత్రవింద:
నాగావళి గారూ, వేరే దారి లేదనడం వేరు, న్యాయం జరిగిందనడం వేరు. ఆ సభలో ఎవరుంటారో చూడండి. అయినవాళ్లందరినీ పోగొట్టుకుని ఒంటరిగా మిగిలిన ఆడమనిషి. ఎదురుగా గులాబీ రంగు జైలు బట్టల్లో నిందితుడు. చుట్టూ కూర్చున్నది అతని అన్నదమ్ములు, బావమరుదులు. సభ ముగిశాక వాళ్లందరి ఇళ్ల ముందు నుంచే ఆమె నడిచి వెళ్లాలి. సాక్ష్యం చెప్పకుండా బెదిరించిన ఘటనలున్నాయి, చంపేసినవీ ఉన్నాయి.

అత్యాచారం కేసులు మొదట మామూలు కోర్టులకే వెళ్లేవి. 2008లో చట్టం మార్చి వాటిలో చాలావాటిని గచాచాకు పంపారు. తలుపులు మూసే విచారించారు, కాదనను. కానీ తీర్పు చెప్పేది తెలిసిన ఊరివాళ్లే కదా! పెద్ద కోర్టులో గుట్టుగా ఉంటుందని నమ్మి ఫిర్యాదు చేసినవాళ్ల నమ్మకం ఏమైనట్టు?

ఇక దోచుకున్న ఆవులకూ, పీక్కుపోయిన ఇంటి రేకులకూ డబ్బు కట్టమని తీర్పులు వచ్చాయి. కట్టాల్సినవాళ్ల దగ్గర కట్టేందుకేమీ లేక వాటిలో చాలా కాగితాల మీదే మిగిలిపోయాయి. 1998లో పెట్టిన నిధి బాధితుల చదువుకూ, వైద్యానికీ సాయం చేసింది. అది సాయమే, నష్టపరిహారం కాదు. ఆ సర్వే సంగతంటారా, చేసింది సర్కారీ సంస్థ. అడిగినవాడికి నచ్చే జవాబు చెప్పడం భయపడినవాళ్లకు మామూలే.

మూడో బెంచీ:
లా చదువుకున్నవాణ్ని కాబట్టి ఒక్క మాట. దక్షిణాఫ్రికాలో వర్ణవివక్ష కాలపు నేరాలపై వేసిన సత్య, సయోధ్య కమిషన్ ముందు నిజం పూర్తిగా చెప్పి క్షమాభిక్ష పొందినవారి మీద క్రిమినల్ కేసు లేదు, పరిహారం దావా కూడా చెల్లదు. దీన్ని సవాలు చేస్తూ, పోలీసు కస్టడీలో చనిపోయిన వర్ణవివక్ష వ్యతిరేక నాయకుడు స్టీవ్ బికో కుటుంబం రాజ్యాంగ న్యాయస్థానానికి వెళ్లి 1996లో ఓడిపోయింది. దాంతో పోలిస్తే గచాచాలో శిక్ష తగ్గింది తప్ప మాసిపోలేదు. రువాండా మారణహోమంపై టాంజానియాలోని అరూషాలో నడిచిన అంతర్జాతీయ ట్రిబ్యునల్ ఇరవయ్యేళ్లలో అభియోగాలు మోపింది 93 మంది మీద. పెద్ద తలకాయలను పట్టుకుంది, మంచిదే. కొండ మీద ఉన్న ముసలమ్మకు దాని తీర్పు రేడియోలో వార్త మాత్రమే.

కొండగాలి:
అందరూ శిక్ష ఎంత తగ్గిందన్న దగ్గరే ఆగిపోతున్నారు. బతికి బయటపడ్డవాళ్లు ఏం అడిగారో వినండి. మా పిల్లాడిని ఎక్కడ పడేశావ్? మరుగుదొడ్డి గుంతలోనా, నదిలోనా? ఎముకలు దొరికితే కడిగి, గుడ్డలో చుట్టి, నలుగురి మధ్య మట్టి చేసుకుంటారు. శిక్ష తగ్గించింది ఈ జవాబు కోసమే. మరి జవాబు వచ్చిందా?

2018 ఏప్రిల్లో రాజధాని కిగాలీ శివారు కబుగాలో సామూహిక గుంతలు బయటపడ్డాయి. వేల మంది అవశేషాలు. కొన్నిచోట్ల పైన ఇళ్లు లేచాయి, వాటిని కూల్చి తవ్వారు. 2024 మొదట్లో దక్షిణాన హుయే జిల్లాలో ఓ ఇంటి కింద వందకు పైగా అవశేషాలు దొరికాయి, తవ్వేకొద్దీ వస్తూనే పోయాయి. గచాచా ఆ ఊళ్లలోనూ నడిచింది. వారం వారం కూర్చున్న జనంలో తెలిసినవాళ్లు లేరంటే నేను నమ్మను. ఇరవై నాలుగేళ్లు ఆ మట్టి మీదే తిరుగుతూ నోరు విప్పలేదు. అలాంటి వాళ్లను క్షమించమని ఆ తల్లిని అడిగే హక్కు ఏ ప్రభుత్వానికీ లేదు. ప్రభుత్వం నిజం చెప్పించాలి, ఆమెకు రక్షణ ఇవ్వాలి. క్షమించడమా మానడమా అన్నది పూర్తిగా ఆమె ఇష్టం.

ఇంకొకటి. మారణహోమాన్ని ఆపిన టుట్సీ తిరుగుబాటుదారుల ఆర్‌పీఎఫ్ సైన్యం చేసిన హత్యలను గచాచా పరిధిలోకి రానివ్వలేదు. తండ్రిని ఆ సైనికులు చంపితే ఆ హుటూ పిల్లాడు ఏ చెట్టు కిందికి వెళ్లాలి? మారణహోమానికీ దీనికీ పోలిక పెట్టడం లేదు, పోలిక లేదు కూడా. కానీ ఆ పిల్లాడి ప్రశ్న వినే చోటు ఒకటి ఉండాలి.

రామప్ప దారి:
ఇది చదువుతుంటే మన సరిహద్దే గుర్తొస్తోంది. 2005లో బస్తర్‌లో మావోయిస్టుల మీదికి సర్కారు అండతో స్థానికులకే ఆయుధాలిచ్చి నడిపిన సల్వాజుడుం మొదలయ్యాక ఊళ్లు తగలబడి, అటూ ఇటూ నలిగి, కోయలు వేల మంది మన ఖమ్మం, వరంగల్ అడవుల్లోకి వచ్చి పడ్డారు. 2011లో సుప్రీంకోర్టు ఆ ఏర్పాటును తప్పుబట్టింది. ఊళ్లు తగలబెట్టినవాళ్లు ఆ తల్లుల ముందు నిలబడి చెప్పింది లేదు. ఇటు లొంగిపోయిన మావోయిస్టులకు తలమీదున్న రివార్డు మొత్తాన్నే చెక్కుగా ఇస్తున్నారు. వాళ్లు బయటికొచ్చి బతకాల్సిందే, నేను పూర్తిగా సమర్థిస్తాను. కానీ ఇన్ఫార్మర్ నెపంతో వాళ్ల చేతిలో చనిపోయినవాడి కొడుక్కి, నాన్నని ఎందుకు చంపారో చెప్పే మనిషేడీ? ఆ చెక్కుల ఫొటోల్లో ఎక్కడా బాధితులు కనపడరు.

నాగావళి:
కొండగాలి గారూ, కబుగా సంగతి బరువైనదే. అయినా గచాచా లేకపోతే దొరికిన ఎముకలు కూడా దొరికేవి కావు. నేను అడిగేది ఇది: శిక్ష తగ్గించేటప్పుడే, దాచింది తర్వాత బయటపడితే ఆ తగ్గింపు రద్దని గట్టిగా రాసుకుని అమలు చేస్తే?

మిత్రవింద:
దానికి ఒప్పుకుంటాను. దాంతోపాటు దోచుకున్న ఆవుకు ప్రభుత్వమే ముందు డబ్బు కట్టి, నేరస్థుడి దగ్గర తర్వాత వసూలు చేసుకోవాలి. వాడు బీదవాడైతే ఆ నష్టం ఆమె ఎందుకు భరించాలి?