కాలక్రమ చిత్రాల్లో వెలుగు మార్పు: లెక్క రోజుకో రకంగా ఎందుకు వస్తోంది?

ప్రశ్న
కాల్షియం సూచక రంగు (కణంలో కాల్షియం పెరిగితే మరింత వెలిగేది) నింపిన కణాలను ఫ్లోరెసెన్స్ మైక్రోస్కోపు కింద రెండు సెకన్లకొకటి చొప్పున 20 నిమిషాలపాటు తీసిన 600 చిత్రాలు నా దగ్గర ఉన్నాయి. ఫిజీ సాఫ్ట్‌వేర్‌లో ఒక్కో కణం చుట్టూ గీత గీసి, ప్రతి ఫ్రేములోని సగటు వెలుగును మొదటి 30 ఫ్రేముల సగటుతో భాగిస్తున్నాను. మందు చేర్చాక వెలుగు పెరుగుతున్న మాట నిజమే గానీ, ఒక రోజు 30 శాతం, మరో రోజు 80 శాతం వస్తోంది. పైగా మందు చేర్చని కణాలు కూడా మెల్లగా మసకబారుతున్నాయి. ఫైళ్లు పెద్దవని 8 బిట్లకు, అంటే పిక్సెల్‌కు 256 వెలుగు మెట్లే ఉండే రూపానికి, మార్చుకున్నాను. పొరపాటు ఎక్కడుందంటారు?

జవాబు 1
నేపథ్యాన్ని, అంటే కణాలు లేని చోట కూడా నమోదయ్యే వెలుగును, తీసివేసినట్టు మీరు రాయలేదు కనుక నా అనుమానం ముందుగా దాని మీదే. కాంతి అసలు పడకపోయినా కెమెరా సున్నా ఇవ్వదు. తయారీలోనే కొంత స్థిర విలువ కలిపి ఉంటుంది, దానికి ద్రావణపు మెరుపు తోడవుతుంది. కణం విలువ 150 నుంచి 200కు చేరిందనుకుంటే, నేరుగా భాగించినప్పుడు పెరుగుదల 33 శాతమే. అదే కణాలు లేని చోటి విలువ 100 అయితే, దాన్ని తీసివేశాక 50 కాస్తా 100 అయినట్టు, అంటే రెట్టింపైనట్టు తేలుతుంది. కాబట్టి తీసివేత ముందు, భాగహారం తర్వాత. నేపథ్యాన్ని ఒక్క ఫ్రేములో కాక అన్నిటిలోనూ కొలవండి.

జవాబు 2
పై మాటతో ఏకీభవిస్తూనే, 8 బిట్ల మార్పిడిని నేను అంతకన్నా పెద్ద తప్పుగా చూస్తాను. మామూలు అమరికలో ఫిజీ ఆ క్షణాన తెరకు ఎంచుకున్న కనిష్ఠ, గరిష్ఠ విలువలను 0, 255గా సర్దుతుంది. రెండు రోజులూ ఆ హద్దులు ఒకటే కాకపోతే కొలబద్దే మారిపోయినట్టు. మూల ఫైళ్ల మీదే కొలవండి. 12 బిట్ల కెమెరా అయితే దాని గరిష్ఠ విలువ 4095ను తాకిన పిక్సెళ్లు ఉన్నాయేమో కూడా చూడండి; ఆపైన ఎంత వెలుగు వచ్చినా నమోదు కాదు.

జవాబు 3
మసకబారడం చాలావరకు కాంతి వల్ల రంగు అణువులు చెడిపోవడమే అయి ఉంటుంది. మందు చేర్చని కణాల వక్రరేఖకు, నేపథ్యం తీసివేశాకే, ఘాతాంక క్షయాన్ని (మొదట వేగంగా, పోనుపోను నెమ్మదిగా తగ్గే రేఖను) సరిపోల్చి దానితో భాగించవచ్చు. ఫిజీలోని హిస్టోగ్రామ్ సరిపోల్చే పద్ధతి (ప్రతి ఫ్రేములోని వెలుగు విలువల పంపిణీని మొదటి ఫ్రేముతో సమం చేసేది) చూపుకు బాగుంటుంది గానీ కొలతకు పనికిరాదు, ఎందుకంటే మీరు వెతుకుతున్న పెరుగుదలనే అది చదును చేయగలదు.

ప్రశ్న అడిగినవారు
మూల ఫైళ్లు భద్రంగానే ఉన్నాయండీ. వాటిపై నేపథ్యం తీసివేసి లెక్కించాక రెండు రోజుల అంకెలూ బాగా దగ్గరయ్యాయి. అయితే మూడు కణాలు మందు చేర్చగానే 4095 దగ్గర ఆగిపోయాయి. వాటిని లెక్కలోంచి తప్పించి, తర్వాతి ప్రయోగంలో ఎక్స్‌పోజర్ తగ్గిస్తున్నాను.