ఏడవాల్సిన చోట అందరూ నవ్వారు, మా పాప లెగో సినిమాకి ఏం చేయమంటారు?

అందరికీ నమస్కారం. మా అమ్మాయి ఆరో తరగతి. వేసవి సెలవులంతా కూర్చుని లెగో బొమ్మలతో స్టాప్ మోషన్ సినిమా, అంటే ఫోటోలు వరసగా కలిపి బొమ్మలు కదిలినట్టు చూపించేది, తీసింది. మూడు నిమిషాలే గానీ, సెకనుకు 12 ఫోటోల లెక్కన 2160 ఫోటోలు. బొమ్మ చెయ్యి వెంట్రుకవాసి జరపడం, ఫోటో తీయడం, మళ్లీ జరపడం. పక్కనుండి చూసినవాణ్ణి కాబట్టి ఆ ఓపిక ఎంతో నాకు తెలుసు.

మొన్న చుట్టాలొచ్చినప్పుడు టీవీలో వేశాం. మొదట్లో చప్పట్లు బాగానే కొట్టారు. చివర్లో తాతయ్య బొమ్మ బస్సెక్కి వెళ్లిపోతుంటే మనవరాలి బొమ్మ చెయ్యి ఊపుతుంది. సరిగ్గా అక్కడే అందరూ గొల్లుమని నవ్వేశారు. మా అమ్మ ఒక్కతే కళ్లు తుడుచుకుంది. పాప టీవీ కట్టేసి లోపలికి వెళ్లిపోయింది. అప్పట్నుంచి ఆ బొమ్మల డబ్బా మూత తీయలేదు.

రాత్రి ఒక్కణ్ణే మళ్లీ చూశాను. మనవరాలి ముఖం మీద నవ్వు అలాగే ఉంది. కొన్ని లెగో బొమ్మల తలలకి వెనకవైపు ఇంకో ముఖం ముద్రించి ఉంటుందట, జుట్టు తీసి తల తిప్పితే చాలట, మాకు తెలియలేదు. పైగా చెయ్యి నాలుగే ఫోటోల్లో లేచి దిగింది, అంటే సెకనులో మూడో వంతు. గాలికి తలుపు కొట్టుకున్నట్టుంది.

ఇలాంటివి తీసినవాళ్లు దయచేసి చెప్పండి. ఆ ఒక్క సీను మళ్లీ తీస్తే సరిపోతుందా? చెయ్యి ఊపడానికి ఎన్ని ఫోటోలు పెట్టాలి, ఆ తర్వాత బొమ్మని ఎంతసేపు కదలకుండా నిలపాలి? అంతకంటే ముందు, ఆ నవ్వు వెక్కిరింత కాదని పదకొండేళ్ల పిల్లకి ఎలా నచ్చజెప్పాలి?