చర్చ: చలికాలపు స్టాక్‌హోమ్‌ను కొండ అంచు నుంచి తీయాలా, నీటి గట్టు నుంచి తీయాలా?

నీలితీరం:
డిసెంబరు చివరి వారంలో స్టాక్‌హోమ్‌లో నాకు ఒక్క పగలు మాత్రమే దొరుకుతుంది. ఆ రోజుల్లో అక్కడ సూర్యుడు ఉదయం 8.45 ప్రాంతంలో ఉదయించి, మధ్యాహ్నం మూడు కాకముందే అస్తమిస్తాడు. సోడర్‌మాల్మ్ దీవి ఉత్తరపు కొండ అంచున ఉన్న మోంటెలియస్‌వేగెన్ కాలిబాట నుంచే ఫొటోలు తీయాలని కొందరు, ఎత్తులు వదిలేసి నీటి గట్టు వెంబడి నడవాలని మరికొందరు సలహా ఇస్తున్నారు. ఉన్న ఆరు గంటలను ఎక్కడ ఖర్చు పెట్టాలి?

శిఖర:
నిస్సందేహంగా ఎత్తు మీదే. స్టాక్‌హోమ్ 14 దీవుల మీద వెలసిన నగరం. ఆ సంగతి గట్టు మీద నిలబడితే ఫొటోలో తెలియదు, ఎందుకంటే దీవుల మధ్య నీరు కనబడకుండా పోయి, భవనాలన్నీ ఒకే వరుసలో అతుక్కుపోతాయి. కొండ అంచు నుంచి చూస్తే రిద్దార్‌ఫియార్డెన్ జలాల మీద ఎదురుగా నగర సభాభవనం (సిటీ హాల్), కుడివైపున రిద్దార్‌హోల్మెన్ దీవి విడివిడిగా నిలుస్తాయి. పైగా మంచు కప్పిన ఇంటికప్పులు చలికాలపు ప్రత్యేకత. వాటిని కింద నుంచి ఎవరూ తీయలేరు.

గట్టుబాట:
శిఖర గారితో నేను ఏకీభవించను. ఆ కాలిబాట నుంచి తీసిన చిత్రం ఇప్పటికే లెక్కలేనంత మంది దగ్గర ఉంది. దానికి తోడు, అక్కడ చెక్క పలకలు పరచిన భాగంలో ట్రైపాడ్ పెడితే, పక్కనుంచి ఎవరు నడిచినా పలకలు కదిలి, కెమెరా నాలుగైదు సెకన్లు కాంతిని పట్టే ఎక్స్‌పోజర్‌లో కిటికీల దీపాలు రెండేసిగా పడతాయి. కింద రాతి గట్టు మీద ఆ బాధ లేదు. మనిషి కంటి ఎత్తులో, నీటికి దగ్గరగా తీసినప్పుడే చూసేవారికి ఆ చలి తగులుతుంది.

దిక్సూచి:
ఇద్దరూ ఎత్తు గురించే వాదిస్తున్నారు గానీ, చలికాలంలో తేల్చవలసినది సూర్యుడు ఏ దిక్కున ఉన్నాడన్నది. స్టాక్‌హోమ్ 59 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. డిసెంబరు చివర్లో సూర్యుడు నడినెత్తికి రావడం అటుంచి, దిగంతానికి సుమారు ఏడు డిగ్రీలు మించి పైకి రాడు. ఆగ్నేయాన పొడిచి, దక్షిణాన కాసేపు తచ్చాడి, నైరుతిలో దిగిపోతాడు. మోంటెలియస్‌వేగెన్ చూసేది ఉత్తరానికి. అంటే పగలంతా సూర్యుడు మీ వీపు వెనకే ఉంటాడు.

దీనివల్ల రెండు ఫలితాలున్నాయి. మొదటిది, సాయంత్రం నీటి మీద సూర్యాస్తమయం దొరుకుతుందని ఆ కాలిబాటకు చేరినవారికి నిరాశే మిగులుతుంది. వేసవిలో సూర్యుడు వాయవ్యాన దిగుతాడు కనుక ఆ దృశ్యం అప్పుడు సాధ్యం. చలికాలంలో మాత్రం అది వెనుకనున్న ఇళ్ల చాటున జరిగిపోతుంది. రెండవది మనకు లాభించేది. ఆకాశం తేటగా ఉన్న రోజున, పన్నెండుకు కాస్త ముందు సూర్యుడు తన గరిష్ఠ ఎత్తులో ఉన్నప్పుడు కూడా, కాంతి సాయంత్రపు ఎండలా ఏటవాలుగా, బంగారు రంగులో వెళ్లి ఎదుటి తీరాన్ని తాకుతుంది. 1923లో ప్రారంభమైన ఆ సభాభవనం ఎర్ర ఇటుకల కట్టడం. 106 మీటర్ల దాని గోపురం, పైనున్న మూడు కిరీటాలతో సహా, ఆ వెలుగులో నిప్పుకణికలా రగులుతుంది. ఏడు డిగ్రీల సూర్యుడికి 30 మీటర్ల అడ్డు ఉంటే నీడ సుమారు 240 మీటర్లు పరుచుకుంటుంది. కనుక కొండ నీడ నీటిలో సగం దాకా నల్లగా పాకి, ఆవలి ఒడ్డును మాత్రం వెలుగులో వదిలిపెడుతుంది. ఈ చిత్రం కొండ మీద నుంచే వస్తుంది, అదీ మధ్యాహ్నానికే. మంచు ఎక్కువగా ఉంటే కెమెరా దాన్ని బూడిద రంగుకు దించేస్తుంది కనుక ఎక్స్‌పోజర్‌ను ఒక స్టాప్ వరకు, అంటే కాంతిని రెండింతల దాకా, పెంచి తీయాలి.

రెండు గంటలకల్లా కొండ దిగి రిద్దార్‌హోల్మెన్ పడమటి గట్టుకు, ఎవర్ట్ టోబ్ తెరాస్ వైపుకు వెళ్లండి. అక్కడి నుంచి నైరుతికి తిరిగితే, ఉదయం మీరు నిలబడిన ఆ కొండే ఇప్పుడు నల్లని ఆకారంగా, దాని వెనుక ఎర్రబారిన ఆకాశంతో, అంచున ఒక్కొక్కటిగా వెలుగుతున్న దీపాలతో కనిపిస్తుంది. ఉష్ణమండలంలో ఇరవై నిమిషాల్లో ముగిసే మునిమాపు అక్కడ దాదాపు 50 నిమిషాలు సాగుతుంది. తొందర పడకుండా లెన్సు మార్చుకుని, వాయవ్యాన సభాభవనం వైపు తిరిగి, దీపాల వెలుగూ ఆకాశపు నీలమూ సమానమయ్యే క్షణం కోసం ఆగవచ్చు.

శిఖర:
లెక్క బాగుంది, కానీ డిసెంబరులో అక్కడ ఆకాశం ఎక్కువ రోజులు మబ్బు పట్టే ఉంటుంది. అప్పుడు సూర్యుడి దిక్కుతో పనేముంది? నీరు గడ్డకట్టితే గట్టు మీద ప్రతిబింబమూ ఉండదు కదా.

గట్టుబాట:
మబ్బు రోజున ఎత్తు మీద నుంచి తీస్తే తెల్లని కప్పులు తెల్లని ఆకాశంలో కలిసిపోతాయి. ఆ రోజైనా కిందికి దిగక తప్పదు.

దిక్సూచి:
అవును, పూర్తిగా మూసుకుపోయిన రోజున మధ్యాహ్నపు కొండను వదిలేయడమే నయం. మునిమాపు మాత్రం మబ్బులోనూ నీలంగానే దిగుతుంది కనుక గట్టు పనికొస్తుంది. గడ్డకట్టడం గురించి శిఖర గారు అడిగినది అసలైన ప్రశ్న. రిద్దార్‌ఫియార్డెన్ మేలారెన్ సరస్సులో భాగం, మంచినీరు కాబట్టి గట్టి చలికి పేరుకుంటుంది. అలా పేరుకున్న రోజున నా సలహా తిరగబడుతుంది: పడవ చీల్చిన నల్లని చాలు, మంచు పలకల మధ్య పగుళ్లు పై నుంచే అర్థవంతంగా కనిపిస్తాయి, కనుక సంధ్యవేళ కూడా కొండ మీదే ఉండండి. ప్రతిబింబమే కావాలంటే పాత నగరానికి ఈశాన్యాన ఉన్న స్ట్రోమ్మెన్ అనే నీటిపాయ దగ్గరికి వెళ్లాలి. సరస్సు నీరు అక్కడ సముద్రంలోకి వేగంగా దిగుతుంది కాబట్టి ప్రవాహం గడ్డకట్టనివ్వదు. షెప్స్‌హోల్మ్ వంతెన కమ్మీల మీది బంగారు పూత కిరీటాన్ని ముందు పెట్టుకుని, వెనుక పాత నగరాన్ని ఉంచి తీయవచ్చు.

స్కిన్నర్‌విక్స్‌బెర్యెట్ అనే బోడి బండ గురించి ఎవరూ చెప్పలేదు. 53 మీటర్ల ఎత్తుతో నగర మధ్యభాగంలో అదే అత్యంత ఎత్తైన సహజ స్థలం. మంచు గడ్డకట్టిన రోజున బూట్లకు ఇనుప ముళ్ల పట్టీలు లేకుండా దాని మీదికి వెళ్లకండి, చీకటి పడ్డాక అసలే వద్దు. అదనపు బ్యాటరీని కోటు లోపలి జేబులో, ఒంటి వేడి తగిలేలా ఉంచుకోండి.

నీలితీరం:
అయితే ముందురోజు రాత్రి నేను చూడవలసినవి రెండే: మబ్బు ఉందా, నీరు గడ్డకట్టిందా. తేటగా ఉంటే పదకొండుకు కొండ మీద, రెండుకు రిద్దార్‌హోల్మెన్‌లో ఉంటాను.