స్మాల్‌మౌత్ బాస్‌కు ఏ లైన్ మంచిది? – సెయింట్ క్లెయిర్ సరస్సు, మిషిగన్

గోదావరి_గాలం (ప్రశ్న):

అందరికీ నమస్కారం. నేను డెట్రాయిట్ దగ్గర ఉంటూ సెయింట్ క్లెయిర్ సరస్సులో స్మాల్‌మౌత్ బాస్ చేపల కోసం గాలం వేస్తున్నాను. నా దగ్గర 2500 సైజు స్పిన్నింగ్ రీలు, ఏడడుగుల మీడియం రాడ్ ఉన్నాయి. రీలుకు 8 పౌండ్ల బరువు లాగినా తెగని నైలాన్ మోనో (ఒంటిపోగు లైన్) చుట్టి ఉంది. ట్యూబ్ జిగ్‌ను (బరువైన కొక్కేనికి తొడిగిన మెత్తని గొట్టం లాంటి ఎరను) నీటి అడుగున మెల్లగా లాగుతున్నప్పుడు చేప ఎరను ముట్టిన సంగతి చాలాసార్లు చేతికి తెలియడం లేదు. కొక్కేనికి పడ్డ చేపల్లో కూడా కొన్ని లైన్ తెంపుకుని పోతున్నాయి. లైన్ ముడి దగ్గర తెగడం లేదు. దానికి ఒకటి రెండు అడుగుల పైన తెగుతోంది, ఆ భాగం వేళ్లకు గరుకుగా తగులుతోంది. 15 పౌండ్ల మోనో వేయమని కొందరు, బ్రెయిడ్‌కు (అల్లిన లైన్‌కు) మారమని కొందరు, ఫ్లోరోకార్బన్ అనే మరో రకం ఒంటిపోగు లైన్ తప్ప మరేదీ వద్దని ఇంకొందరు చెబుతున్నారు. ఒకే రీలు ఉన్నవారికి ఏది తగినదో, ఎందుకు తగినదో దయచేసి వివరించగలరు.

రాతి_అడుగు:

నమస్కారమండి. గరుకుగా తగులుతోందన్న మీ మాటలోనే సగం జవాబు ఉంది. మీ లైన్ తెగుతున్నది బలం చాలక కాదు, రాపిడి వల్ల. ఈ జాతిలో ప్రపంచ రికార్డు చేప 1955లో టెనెసీ, కెంటకీ సరిహద్దులోని డేల్ హాలో సరస్సులో పడింది. దాని బరువు 11 పౌండ్ల 15 ఔన్సులు. మన సరస్సులో మంచి చేప అంటే నాలుగైదు పౌండ్లు. డ్రాగ్‌ను (చేప ఎంత లాగితే రీలు లైన్ వదలాలో నిర్ణయించే బిగువును) లైన్ బలంలో నాలుగో వంతు నుంచి మూడో వంతు మధ్య ఉంచితే, దెబ్బ తినని 8 పౌండ్ల లైన్ అటువంటి చేపను నిలబెట్టగలదు. అందుచేత 15 పౌండ్ల మోనో మీ సమస్యను తీర్చదు. పైగా ఆ మందానికి లైన్ స్పూలు మీద చుట్టలు చుట్టలుగా బిగుసుకుని, మీరు విసిరే దూరాన్ని తగ్గిస్తుంది.

సెయింట్ క్లెయిర్ సరస్సులో 1988లో జీబ్రా మసెల్ అనే చిన్న ఆల్చిప్పలు బయటపడ్డాయి. అవి నీటిని వడకట్టి తేటపరిచాయి, అదే సమయంలో రాళ్ల మీద పదునైన అంచులతో పరుచుకున్నాయి. ఆ తరువాత సెయింట్ క్లెయిర్ నదిలో 1990లో రౌండ్ గోబీ కనిపించింది. ఇది మన గోదావరి జిల్లాల ఇసుక దొందు కుటుంబానికే చెందిన చిన్న చేప. నీటి అడుగున తిరిగే ఈ గోబీ స్మాల్‌మౌత్‌కు ముఖ్యమైన ఆహారం కావడం వల్లనే మనం ట్యూబ్‌ను అడుగుకు ఆనించి లాగుతాము, లైన్ కూడా ఆ చిప్పల మీదుగానే వస్తుంది. కాబట్టి ఇక్కడ లైన్ చేప కంటికి కనిపించకుండా ఉండటమూ, చిప్పకు కోసుకుపోకుండా ఉండటమూ రెండూ కావాలి.

ఈ రెండింటికీ నేను నమ్మేది ఒకటే: రీలు నిండా 10 పౌండ్ల బ్రెయిడ్, చివర ఎనిమిది అడుగుల ఫ్లోరోకార్బన్ లీడర్ (ఎరకూ అసలు లైన్‌కూ మధ్య కట్టే విడి ముక్క). బ్రెయిడ్ దాదాపు సాగదు కనుక దూరాన ముట్టిన చేప కూడా చేతికి తెలుస్తుంది. మందం చాలా తక్కువ కనుక దూరంగా పడుతుంది, గాలికీ అలకూ అంతగా వంగదు. అయితే సన్నని పోగులతో అల్లిన దారం కాబట్టి చిప్ప అంచు తగిలితే తేలికగా తెగుతుంది. దాని రంగు కూడా తేట నీటిలో కనబడుతుంది. ఆ పనులు లీడర్‌కు అప్పగించాలి. నీటి వక్రీభవన గుణకం (కాంతిని ఎంత వంచుతుందో చెప్పే కొలత) 1.33, ఫ్లోరోకార్బన్‌ది సుమారు 1.42, నైలాన్‌ది 1.5కు పైన. నీటితో తేడా తక్కువ కనుక ఫ్లోరోకార్బన్ నీటిలో తక్కువగా కనిపిస్తుందే తప్ప పూర్తిగా మాయం కాదు. నా దృష్టిలో దాని అసలు విలువ గట్టి పైపొరలోనూ, నీటిని పీల్చుకోకపోవడంలోనూ ఉంది. నైలాన్ నీటిని పీల్చి కొంత బలహీనపడుతుంది. ఫ్లోరోకార్బన్ సాగదన్న మాట మాత్రం సరికాదు, అదీ బాగానే సాగుతుంది. నీరు తేటగా, గాలి లేకుండా ఉన్న రోజు 8 పౌండ్ల లీడర్, రాళ్లూ చిప్పలూ దట్టంగా ఉన్న చోట 10 పౌండ్లది సరిపోతాయి.

ఈరీ_తీరం:

పై వివరణతో చాలావరకు ఏకీభవిస్తున్నాను. కాని మోనోను పూర్తిగా పక్కన పెట్టవద్దని నా మనవి. నీటిపై తేలే ఎరలు వేసేటప్పుడు ఫ్లోరోకార్బన్ లీడర్ బరువుకు మునిగి ఎర ముక్కును కిందికి లాగుతుంది. దాని సాంద్రత నీటికన్నా సుమారు 1.8 రెట్లు. అక్కడ బ్రెయిడ్‌కు రెండు మూడు అడుగుల మోనో లీడర్ కడితే ఎర సక్రమంగా నడుస్తుంది. మూడు మొనల కొక్కేలున్న క్రాంక్‌బెయిట్ అనే చేప ఆకారపు గట్టి ఎరకు కూడా కాస్త సాగే లైనే మేలు. స్మాల్‌మౌత్ నీటిపైకి ఎగిరి తల విదిలించినప్పుడు ఆ సాగుడు లేకపోతే చిన్న కొక్కెం మాంసాన్ని చీల్చుకుని బయటికి వచ్చేస్తుంది.

గోదావరి_గాలం:

ఇద్దరికీ ధన్యవాదాలు. ఇంకొక్క సందేహం. ఎనిమిది అడుగుల లీడర్ అంటే విసిరేటప్పుడు ముడి రాడ్ రింగుల గుండా పోవలసి వస్తుంది కదా. అక్కడ తట్టుకోకుండా ఏ ముడి వేయాలి?

రాతి_అడుగు:

ఎఫ్‌జీ ముడి అన్నిటికన్నా సన్నగా ఉండి రింగులలో సాఫీగా జారుతుంది. అయితే ఊగే పడవలో దానిని వేయడం కష్టం కాబట్టి ఇంటి దగ్గరే కట్టుకుని బయలుదేరండి. నీటి మీద తెగితే డబుల్ యూనీ వేసుకోండి. కొంచెం లావైనా నమ్మదగినది. ఏ ముడినైనా బిగించే ముందు తడపాలి, ఎందుకంటే పొడిగా లాగితే పుట్టే వేడికి ఫ్లోరోకార్బన్ అక్కడికక్కడే దెబ్బ తింటుంది. బ్రెయిడ్‌ను నున్నని స్పూలుకు నేరుగా చుడితే మొత్తం లైన్ జారి గుండ్రంగా తిరుగుతుంది కనుక, మీ పాత మోనోలో కొన్ని చుట్లు స్పూలు అడుగున ఉంచి దానికే బ్రెయిడ్‌ను కట్టండి. ప్రతి చేప తరువాత కొక్కెం పైన రెండడుగుల మేర లైన్‌ను వేళ్ల మధ్య లాగి చూసి, గరుకు తగిలితే అంతవరకు కోసి ఎరను మళ్లీ కట్టుకోవాలి. అలా కోస్తూ లీడర్ నాలుగడుగులకు తగ్గినప్పుడు కొత్తది వేయండి. కోసిన ముక్కలను నీటిలో వదలక జేబులో వేసుకోండి. అవి పక్షుల కాళ్లకు చుట్టుకుంటాయి.