ఈ వారం సమస్య: ఇల్లు కదలకుండ నెల్ల దాటె

నిర్వాహకుడు (బరంపురం): ఆటవెలది చివరి పాదం ఇచ్చాను, ముందు మూడూ మీరు పూరించాలి. ‘ఎల్ల’ అంటే ఇక్కడ సరిహద్దు. షరతు ఒక్కటే. మన గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల చరిత్రలో పేరున్న మనిషి ఎవరైనా పద్యంలో కనపడాలి. పురాణాలు వద్దు. హనుమంతుణ్ణి, వామనుణ్ణి తెస్తే తీసేస్తాను. ఆదివారం రాత్రి గడువు.

పర్లాకిమిడి కోడలు: మనిషి పేరు లేదు గానీ ముందు ఇది పెట్టేస్తున్నాను. మా ఆయన తాతగారి సంగతి.

మార్చి చివరి రాత్రి మదరాసులో తాత
నిద్రపోయి లేచి నింగి చూచె
ఏరు నదియె, యూరు నిదియె, పేరొడిశాయె
ఇల్లు కదలకుండ నెల్ల దాటె

నిర్వాహకుడు: షరతు మొదటి పద్యానికే గాలికి పోయింది! అయినా అమ్మా, మొదటి పాదం చదివి కుర్చీలో నిటారుగా కూర్చున్నాను. 1936 మార్చి 31 రాత్రి మదరాసు ప్రెసిడెన్సీలో పడుకున్న ఊరు, ఏప్రిల్ 1 పొద్దున కొత్త రాష్ట్రంలో లేచింది. ఏరు అంటే మహేంద్రతనయ అని ఇక్కడివాళ్ళకి చెప్పక్కర్లేదు. లోపాలు రెండు. ‘చూచె’ తర్వాత ‘ఏరు’ విసంధి, సంధి చెయ్యాల్సిన చోట వదిలేశారు. ‘నేరు నదియె’ అనండి, యతికి ఇబ్బంది లేదు. రెండోది చరిత్ర లోపం. ఒడిశా అన్నది 2011లో వచ్చిన అధికారిక నామం. 1936లో అది ఒరిస్సా.

రాయగడ టీచర్: మూడో పాదం ఇలా మారిస్తే? ‘నేరు నదియె, యూరు నిదియె యొరిస్సాయె’. నిదియెయొ నలము, రిస్సాయె తగణము.

పర్లాకిమిడి కోడలు: భలే కుదిర్చారండీ టీచరుగారూ! నేను రాసిన దానికంటే బాగుంది, కొంచెం కుళ్ళుగా కూడా ఉంది.

ఛత్రపురం క్లర్కు: మాజీ రాష్ట్రపతి వి.వి. గిరిగారు లేకుండా బరంపురం వాళ్ళు ఎలా నిద్రపోతారు? ఇదిగో.

బరమపురము గిరికి బాల్యంపు టిల్లది
తాను చేరె ఢిల్లి దర్జగాను
నాడు చెన్నపురిది, నా డొరిస్సాదయ్యె
ఇల్లు కదలకుండ నెల్ల దాటె

నిర్వాహకుడు: అన్వయం చక్కగా ఉంది. దాటింది గిరి కాదు, ఇల్లే. సమస్య విప్పడానికి ఇది తిన్నని దారి. కానీ మూడో పాదంలో మొదటి ‘నాడు’ ఏనాడు, రెండో ‘నాడు’ ఏనాడు? ‘నేడు’ అనాలని మీకూ తెలుసు. నా–నే యతి చెల్లదని ‘నాడు’ అనేశారు. ‘దర్జగాను’ మాత్రం నాకు మింగుడు పడలేదు.

ఛత్రపురం క్లర్కు: రాష్ట్రపతి భవన్‌కి వెళ్ళడం దర్జా కాకపోతే ఇంకేమిటి సార్?

రాయగడ టీచర్: తమ్ముడూ, ఢిల్లీ అందరికీ తెలిసిందే. 1894లో బరంపురంలో పుట్టి, ఐర్లండు వెళ్ళి, 1916లో అక్కడి నుంచి పంపించేస్తే తిరిగొచ్చి కార్మికుల మధ్య పనిచేసిన మనిషి. అసలు రసం 1937లో ఉంది. ఆయన పుట్టిన ఊరు అప్పటికే ఒరిస్సాలో కలిసిపోయింది. ఆయన మాత్రం బొబ్బిలిలో సాక్షాత్తూ బొబ్బిలి రాజా మీద పోటీ చేసి గెలిచి, మదరాసులో రాజాజీ మంత్రివర్గంలో కార్మిక శాఖ తీసుకున్నారు. అదే ఏడాది ఏప్రిల్లో ఒరిస్సాకి మొదటి ప్రధాని (ఇప్పటి ముఖ్యమంత్రిని అప్పట్లో అలా అనేవారు) ఎవరు? పర్లాకిమిడి మహారాజు కృష్ణచంద్ర గజపతి. ఒక రాజు ఓడిన ఏడాదే ఇంకో రాజు గద్దెక్కాడు. ఆ గద్దె కూడా జూలై దాకానే అనుకోండి. రెండో పాదం ఢిల్లీకి బదులు బొబ్బిలికి వెళ్తే పద్యానికి ప్రాణం వచ్చేది.

జయపురం వాసి: మా కోరాపుట్ వైపు కూడా చూడండి బాబూ.

జయపురాన కోట, చదువులకై లక్ష
చేరె నేటికేడు సింధుతటికి
విత్తమెల్ల నట్లు విక్రమవర్మది
ఇల్లు కదలకుండ నెల్ల దాటె

నిర్వాహకుడు: ‘సింధుతటి’ అని విశాఖను చూపించడం బాగుంది. జయపురం మహారాజు విక్రమదేవ వర్మ విశాఖలోని ఆంధ్ర విశ్వకళా పరిషత్తుకి (ఆంధ్రా యూనివర్సిటీకి) ఏటా లక్ష రూపాయలు ఇచ్చినవాడు. అక్కడి సైన్సు కాలేజీకి ఆయన పేరే పెట్టారు. 1936లో జయపురం సంస్థానం ఒరిస్సాకి వెళ్ళినా, ఆ పేరు విశాఖలోనే ఉండిపోయింది. పద్యం మాటకొస్తే, డబ్బు కోటలోంచి కదిలే కదండీ వెళ్ళింది! ‘ఇల్లు కదలకుండ’ రాజుకా, రొక్కానికా? ‘విత్తమెల్ల’ కూడా ఎక్కువ. ఆస్తంతా ఇచ్చేశాడని అర్థం వస్తోంది.

జయపురం వాసి: కవికి ఆ మాత్రం అతిశయోక్తి హక్కు ఉంది. మార్చను.

నిర్వాహకుడు: సరే, మార్చకండి. మార్కులు మాత్రం నా చేతిలో ఉన్నాయి.

మధ్యలో ఒకరు స్వాతంత్ర్య సమరయోధుడు లక్ష్మణ నాయక్ మీద పద్యం పంపారు. రెండు పాదాల్లో గణాలు తప్పాయి, అందుకే పెట్టడం లేదు. పంపినవారికి ఒక మాట. మత్తిలిలో పోలీసు కాల్పులు 1942 ఆగస్టులో, ఆయన్ని బరంపురం జైల్లో ఉరితీసింది 1943 మార్చి 29న. సొంతూరు తెంతులిగుమ్మ వదిలి ఉరికంబం దాకా నడిచిన మనిషికి ‘ఇల్లు కదలకుండ’ ఎలా కుదురుతుంది? వస్తువు గొప్పదే, ఈ సమస్యకి చెందదు.

రాయగడ టీచర్: నా పూరణ.

సవరవాని నింట జతగ నుంచుకొని తా
పలుకు పలుకు నేర్చె పాఠమల్లె
కొండ యెక్కకుండ గురువు గిడుగువారు
ఇల్లు కదలకుండ నెల్ల దాటె

ఛత్రపురం క్లర్కు: గిడుగు మీద గ్రాంథికంలో పద్యమా! పై నుంచి చూస్తే ఆయన ఊరుకుంటారా?

నిర్వాహకుడు: ఊరుకోరు. శిష్యుడు తాపీ ధర్మారావుగారు కూడా ఊరుకోరు, ఆయన పుట్టింది మన బరంపురంలోనే. టీచరుగారూ, రెండో పాదం సొగసుగా ఉంది. వ్యాకరణంలో ‘వారు’కి ‘దాటె’ కుదరదు, ‘గిడుగు మేటి’ అంటే సరిపోతుంది. నా అభ్యంతరం అది కాదు. సవర గిరిజన మనిషిని ఇంట్లో పెట్టుకుని నేర్చుకోవడం నిజమే. కానీ ‘కొండ యెక్కకుండ’ అంటారా? ఆయన ఆ అడవుల్లో తిరిగే మలేరియా తెచ్చుకున్నారు. దానికి మింగిన క్వినైన్ వల్లే చెవుడు వచ్చింది. ఒక భాష ధ్వనులు పట్టుకోవడానికి వెళ్ళి వినికిడే పోగొట్టుకున్న మనిషి! 1931లో సవర వ్యాకరణం అచ్చయ్యేనాటికి ఆయన ఎన్ని ఏళ్ళుగా ఆ చెవులతో పనిచేశారో. అలాంటివాణ్ణి మీరు వాలుకుర్చీలో కూర్చోబెట్టారు.

పర్లాకిమిడి కోడలు: అసలు గిడుగువారికి ఈ పాదం తిరగేసి చెప్పాలి. 1936లో ఇల్లు కదిలింది ఆయనొక్కరే. మళ్ళీ రాస్తున్నా, ఈసారి షరతు ప్రకారం.

ఎల్ల మారెనంచు నిల్లు మార్చె గిడుగు
రాజమండ్రి చేరె రాజు వీడి
పక్కయింటివాడు పడుకొన్న చోటనే
ఇల్లు కదలకుండ నెల్ల దాటె

రాయగడ టీచర్: అమ్మాయ్, నా పద్యం నేనే తీసేసుకుంటున్నాను.

జయపురం వాసి: ‘రాజు వీడి’ దగ్గర నాకు పేచీ ఉంది. 1880లో పర్లాకిమిడి రాజావారి బడిలోనే కదా ఆయనకి ఉద్యోగం దొరికింది. ఆ ఉప్పు తిని రాజును వదిలేశాడన్నట్టు లేదూ?

పర్లాకిమిడి కోడలు: బాబాయిగారూ, 1880 నాటి రాజు వేరు. కృష్ణచంద్ర గజపతి పుట్టిందే 1892లో. ఆయన లండన్ రౌండ్ టేబుల్ సమావేశానికి వెళ్ళి ఒరిస్సా కోసం వాదించారు, మాస్టారు పర్లాకిమిడి తెలుగువాళ్ళతోనే ఉండాలన్నారు. ఇద్దరూ దాపరికం లేకుండా ఎవరి పక్షాన వాళ్ళు నిలబడ్డారు. ‘వీడి’ అంటే అంతే. మా ఇంట్లో ఒడియా చుట్టాలూ ఉన్నారు, వాళ్ళ ముందు కూడా ఇదే చదువుతాను.

నిర్వాహకుడు: ఈ వారం మొదటి స్థానం ఈ పద్యానికే. మొదటి పాదంలో ‘ఎల్ల–ఇల్లు’ను సమస్య కంటే ముందే తిరగేసి పెట్టారు. అందుకే నాలుగో పాదం వచ్చేసరికి అది నేనిచ్చినట్టు లేదు, పద్యంలోనే పుట్టినట్టుంది. పక్కింటివాడికి పేరు లేకపోవడం కూడా నాకు నచ్చింది. రెండో స్థానం గిరి ఇంటికి, ‘దర్జ’ను క్షమించి.

గుణుపురం: గడువు దాటిందా సార్? ఇప్పుడే చూశాను.

నౌపడాను విడిచి నత్తల్లె సాగుచు
పర్లకిమిడి దాటి పాత బండి
గుణుపురంబు చేరె, కూత వినుచు మామ
ఇల్లు కదలకుండ నెల్ల దాటె

నిర్వాహకుడు: దాటింది. పోటీలో లెక్క వెయ్యను. యతులు, గణాలు అన్నీ సరే. మనసులో దాటాడన్నది మూడో పాదంలో ఇంకాస్త తెలిస్తే బాగుండేది. ఒక్క సంగతి. 1900లో పర్లాకిమిడి దాకా, 1931లో గుణుపురం దాకా వేసినప్పుడు ఆ చిన్న బండి ఏ ఎల్లా దాటలేదు. రెండు కొసలూ మదరాసులోనే ఉండేవి. కాబట్టి మీ మామగారు కూత విన్నది 1936 తర్వాతే అయి ఉండాలి. పేరున్న మనిషి ఎవరూ లేరు కదా అని అడగబోయి ఆగాను, ఆ లైను వేయించింది పర్లాకిమిడి రాజావారే. వచ్చే వారం సమస్య కందంలో, శుక్రవారం పెడతాను.